బ్యాకప్పు బేకప్పా!

ఆ రోజుల్లో అంటున్నాను గానీ అదేమంత రాజుల కాలం కాదు. పాటలు వినే తీగ గుచ్చుకోవడానికి ఫోనుకు ఇంకా ఒక చిల్లు ఉండేది, అంత పాత. ఫోను కన్నా మనిషికే తెలివి ఎక్కువన్న భ్రమ కూడా అప్పటికి పూర్తిగా పోలేదు. నా మట్టుకు ఆ భ్రమ తీర్చింది మా మేనత్త, అదీ ఆమెకు తెలియకుండా. ముందుగా నా బుద్ధితక్కువతనం ఒప్పేసుకుంటే తక్కింది చెప్పడం తేలిక. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో నేను బ్యాకప్పు అన్నది కన్నడ మాట అనుకున్నాను. నవ్వకండి. కన్నడంలో 'బేకు' అంటే కావాలి, 'బేకప్పా' అంటే 'కావాలప్పా'. సంతలో, బస్సులో, పాల అంగడి దగ్గర పొద్దస్తమానం చెవిన పడే మాట. నా ఫోనులో భాష తెలుగు పెట్టుకున్నాను. వారానికోసారి తెర మీద 'బ్యాకప్?' అని ఒక చిన్న పెట్టె లేచేది. రాతలో ఏదో తేడా ఉన్నట్టు తోచింది గానీ, రాసినవాడు బెంగళూరు తెలుగువాడేమో, ఇక్కడ ఇలాగే రాస్తారేమో అని సరిపెట్టుకున్నాను. ఫోను దేనికోసమో మారాం చేస్తోందనీ, అడిగినప్పుడల్లా ఇస్తే అలవాటు పడుతుందనీ, 'బేడ' (అంటే వద్దు, ఆ ఊళ్ళో నేను నేర్చుకున్న రెండో మాట) అని పైకి గట్టిగా అని మూసేసేవాణ్ణి. అది కావాలప్పా అనడం, నేను వద్దనడం, ఏడాదిపాటు మా కాపురం ఇలాగే సాగింది.

రెండో బుద్ధితక్కువ పని ఇంకొంచెం చదువుకున్న రకం. ఉద్యోగం దొరికేదాకా నేను కె.ఆర్.పురంలో మా మేనత్త ఇంట్లోనే ఉన్నాను. మామ బొరుగుల వ్యాపారి (మరమరాలను మావైపు బొరుగులంటారు). మనిషి కూడా బొరుగుల బస్తాలాగే చూడడానికి పెద్దగా, కదిలిస్తే తేలిగ్గా ఉంటాడు. ఆయుధపూజకు మామ ఒకే రంగు, ఒకే రకం ఫోన్లు రెండు తెచ్చి, ఒకటి అత్తకూ, ఉద్యోగం వెతుక్కోవడానికని ఒకటి నాకూ ఇచ్చి, రెండింటికీ కుంకుమబొట్టు పెట్టాడు. ఇంట్లో కంప్యూటరు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక రెండూ నేనే సిద్ధం చేశాను. ఉమ్మడి కుటుంబాలు పోయాయని లోకమంతా వగస్తున్న కాలంలో నేను ఉమ్మడి అకౌంటు పెట్టాను. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే పాస్‌వర్డు. "రెండు ఫోన్లకూ ఒకే పేరైతే యాడన్నా కలగలిసిపోవా రా?" అని అత్త అడిగింది. "దానికి తెలీదా అత్తా, అది కంప్యూటరు!" అన్నాను. (దానికి తెలియలేదు.)

అత్త గురించి కొంత చెప్పాలి. ఆ ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ దాన్ని చూసినవాళ్ళు లేరు, అందరూ అత్తను వినేవాళ్ళు. నీళ్ళొచ్చే వేళ, పాలు దించే వేళ, మామ చక్కెర జబ్బు మాత్ర మింగే వేళ, బొరుగుల బండి కదిలే వేళ, అన్నీ ఆమె గొంతులోంచే పుట్టేవి. నేను హెబ్బగోడిలో గది తీసుకొని వెళ్ళిపోయాక ఆ గొంతు బొంగురుపోయింది. డాక్టరు చూసి, అరవడం పూర్తిగా మానెయ్యాలన్నాడట. ఇంకొకరైతే అరవడం మానేవారు, లేదంటే డాక్టర్ని మార్చేవారు. అత్త ఇంటికొచ్చి, చెంబుడు వేణ్ణీళ్ళు తాగి, రోజంతా అరవాల్సిన అరుపులన్నీ ఒక్కపూట కూర్చొని వరసగా అరిచి ఫోనులో పట్టించేసి, దేని వేళకు దాన్ని అలారంగా పెట్టుకుంది. ఆనాటి నుంచి ఆమె మెత్తగా మాట్లాడుతూ తిరుగుతుంటే ఫోను ఆమె తరఫున గర్జించేది. "టింగుటింగుమంటే ఎవుడు లేస్తాడు? తిడితేనే కదా మనిషి లేసేది" అని ఆమె సిద్ధాంతమట. ఈ కబురు మామ చెప్తే విని, నవ్వి, మరిచిపోయాను. అసలైన బ్యాకప్పు అంటే అదేనని అప్పటికి నాకు తెలియదు కదా.

ఇక నా ఉద్యోగం. నీటి పంపులు చేసే ఒక ఫ్యాక్టరీ, అందులో సామాన్ల స్టోరు, ఆ స్టోరులో నేను గుమాస్తా కన్నా చిన్న, హమాలీ కన్నా పెద్ద. ఆర్నెల్లు చూసి ఖాయం చేస్తామన్నారు. చూసే మనిషి మా స్టోరు పెద్ద, చాటుగా మేం పెట్టుకున్న పేరు గడియారం సారు. పొద్దున్నే గేటు పక్కన నిలబడి, వచ్చేవాడి మొహం కన్నా ముందు తన మణికట్టు చూసుకునేవాడు. తాతల నాటి నుంచి బెంగళూరే, ఇంట్లో భాష తెలుగు. నేనేమో రోజూ ఆలస్యం. "ఏమప్పా, హెబ్బగోడిలో గది పెట్టుకొని హెబ్బగోడికే రాలేకుండా ఉండావు! దొడ్డబళ్ళాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు నీకన్నా ముందు వస్తా ఉండాడే!" అని ఒకరోజు అన్నాడు. "చూడప్పా, గేటు మూసినంక ఇంకొక్క తూరి వస్తివంటే నీ కాగితం మీద నేను చేవ్రాలు పెట్టేది లేదు. సుమ్నె నన్ను బతిమాలద్దు" అని ఇంకోరోజు అనేశాడు. (సుమ్నె అంటే ఊరికే.) ఈ ఉద్యోగం పోతే నాకు మిగిలేది హిందూపురంలో మా నాయన మిరపకాయల మండీ. అక్కడ ఇదివరకే ఒక నెల కూర్చున్నాను. బస్తాల లెక్క అడిగితే తుమ్ముల లెక్క చెప్పేవాణ్ణి. కొనడానికి వచ్చినవాళ్ళు నా తుమ్ములు చూసి సరుకు ఘాటు అంచనా వేసేవాళ్ళు. తిరిగి వెళ్ళడానికి ముక్కూ ఒప్పుకోదు, మొహమూ ఒప్పుకోదు.

సరిగ్గా అప్పుడే, ఒక ఆదివారం సాయంత్రం, నా ఫోను బిగుసుకుపోయింది. నొక్కితే పలకదు, పలికితే ఆగదు. ఫోను లేకపోతే అలారం లేదు, అలారం లేకపోతే సోమవారం గేటు లేదు. (అలారం ఉన్న రోజుల్లో మాత్రం లేచావా అని అడగకండి.) రెండు బొత్తాలు కలిపి అదిమిపెట్టి ఏవేవో నొక్కగా, 'ఫ్యాక్టరీ రీసెట్ చేయాలా?' అంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి అంతకన్నా నమ్మకమైన మాట ఏముంటుంది? చెయ్యమన్నాను. ఫోను కాసేపు కళ్ళు మూసుకొని, నన్నెన్నడూ చూడనట్టు 'స్వాగతం' అంది. మెయిలు అడిగింది, పాస్‌వర్డు అడిగింది, చెప్పాను. అప్పుడు 'రీస్టోర్ చేయాలా? పాత బ్యాకప్ నుంచి సెట్టింగులు తిరిగి తెచ్చుకుంటారా?' అంటూ ఒకే పేరున్న ఫోన్లు రెండు చూపించింది. ఒకటి ఏడాది కిందటిది, ఒకటి నిన్నటిది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ అది అడుగుతూ వచ్చింది దేన్నో. సిగ్గుపడే తీరిక లేదు, ఎంచుకోవాలి. వంకాయలు కొనేవాడు ఏది ఏరుకుంటాడు? నేనూ తాజాదే ఏరుకున్నాను. ఏడాది పొడుగునా బేడ బేడ అన్నవాడికి నిన్నటి బ్యాకప్పు ఎక్కడినుంచి వస్తుందన్న ఆలోచన రాలేదు. వచ్చి ఉంటే ఈపాటికి నేను హిందూపురంలో తుమ్ముతూ ఉండేవాణ్ణి.

సెట్టింగులు ఎంతవరకు దిగాయో చూపించే ఆ నీలిగీత మెల్లగా నిండుతుంటే చూడడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ముందు అక్షరాలు ఉబ్బాయి. ఒక్కొక్కటి ఇడ్లీ అంత. ఒక వాక్యం పూర్తిగా చదవాలంటే పక్కింటివాడి ఫోను కూడా అరువు తెచ్చుకోవాలి. తరువాత నా నీలాకాశం పోయి అక్కడొక గుమ్మడికాయ వచ్చి కూర్చుంది. అత్త మేడమీద తొట్టిలో కాయించిన గుమ్మడికాయ. ఎక్కడున్నా గుర్తుపడతాను, దాని పులుసు వారం తిన్నాను. వెలుతురు పెరిగింది, మోత పెరిగింది, తెర తాకితే ఒకప్పుడు కదలనిది ఇప్పుడు వేలు చూపిస్తే చాలు, కదులుతోంది. ఊరికి ఆ కొసన ఉన్న మనిషి, ఆమె కంటిచూపు, ఆమె చెవి, ఆమె వేలి బరువు, ఆమె మురిపెం, ఏ దారినా రాకుండా వచ్చి నా అరచేతిలో దిగుతున్నాయి. పొరపాటు జరిగిందని తెలిసింది గానీ ఆపడానికి చెయ్యి రాలేదు. గుడిలో హారతి ఇస్తుంటే బయట విడిచిన చెప్పులు గుర్తొచ్చినంత మాత్రాన ఎవరు లేచి వెళతారు? అక్షరాల సంగతి రేపు చూద్దాంలే అని, వేసుకోవలసిన అలారం వేసుకోకుండానే పడుకున్నాను.

తెలతెలవారుతుండగా నా చెవి పక్కన అత్త అరిచింది. "లేయండి! నీళ్ళొచ్చినాయి! బిందెలు పెట్టేకి మీ తాత వస్తాడా?" మెలకువ రాకముందే నిలబడ్డాను. "వస్తా ఉండా అత్తా!" అని పలికాను కూడా. బకెట్టు పట్టుకొని వఠారం కొళాయి దగ్గరికి పరిగెత్తితే, అక్కడ నిజంగానే నీళ్ళు వస్తున్నాయి. ఆ కొళాయిలో నీళ్ళు రావడం నేను చూడడం అదే మొదటిసారి, అంతవరకూ అది గోడకు అలంకారం అనుకున్నాను. వఠారం ఓనరమ్మ బిందె ఎత్తుకోబోతూ ఆగి, "ఏమప్పా, ఒళ్ళు బాగుండాదా?" అంది. గదికి తిరిగి వచ్చేసరికి, "బియ్యం కడిగితిరా, చూస్తా నిలబడితిరా?" అని గుమ్మడికాయ గద్దించింది. కడిగాను. "పాలు! పాలు! పొంగినంక మూతి తుడిచేది ఎవురు?" దించాను. "దువ్వుకొనేది చాలు, మొహం అదే కదా, మారేది లేదు! బయలుదేరు!" ఆ చివరిది మామ కోసమని తెలుసు. మామకు దువ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదనీ తెలుసు. అయినా దువ్వెన జారవిడిచి బయలుదేరాను. గేటు దగ్గర గడియారం సారు ఇంకా వస్తున్నాడు. నన్ను చూశాడు, మణికట్టు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. గడియారం విప్పి, విదిలించి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నిలిచిపోయినట్టుండాదే" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు.

ఆ రాత్రి నా పాత బ్యాకప్పు పెట్టుకోవచ్చు, దారి తెలిసింది. కానీ ఆ పాత సెట్టింగుల్లో ఉన్నది ఎవరు? నేనే. నన్ను తిరిగి తెచ్చుకొని బాగుపడేదేముంది? ఊరుకున్నాను. పెట్టె లేచి బ్యాకప్పు అడిగితే మాత్రం ఈసారి "బేకప్పా, బేకు!" అన్నాను. మంగళవారం కె.ఆర్.పురంలో సంత. ఆ సంగతి నేను మరిచినా ఫోను మరవలేదు. "సంత! సంత! మంచి కాయలు మనకోసం నిలబడి ఉండవు!" అని కోడి కన్నా ముందు లేపింది. పండ్లూ కాయలూ లేని ఫ్యాక్టరీ గేటు ముందు ఒక్కణ్ణే నిలబడితే, కావలివాడు నా మీద దీపం వేసి ఎవరు పంపారని రెండు భాషల్లో అడిగాడు.

స్టోరులో ఇంకో వింత. మా దగ్గర ఒక మూలన బోల్టులు, నట్టులు, వాషర్లు కలిసిపోయి గుట్టపడి ఉండేవి. వాటిని ఏరాలని ప్రతివాడికీ తెలుసు, ఎదుటివాడు ఏరాలని ఇంకా బాగా తెలుసు. ఒకరోజు గడియారం సారు లోపలికి వచ్చి నిలబడ్డప్పుడే నా జేబు అరిచింది. "కూర్చుండింది చాలు! ఏరల్ల! ఎవురూ ఏరకుంటే వాటంతట అవే ఏరుకుంటాయా?" అత్త అన్నది వేరుశనగ పప్పు గురించి. సారు చూసింది బోల్టుల గుట్ట వైపు. చాలాసేపు చూశాడు. "ఎవురో గానీ చెప్పేది సరిగ్గానే చెప్తా ఉండాది. కానీయండప్పా" అన్నాడు. వారంలో గుట్ట కరిగింది, దాని కింద నేల కూడా ఉందని తెలిసింది. రేషను స్టోరులో బియ్యం ఇచ్చే రోజున "రే, స్టోరూ! పొద్దుపోతే తలుపేస్తారు!" అని బొరుగుల బండివాడి మీద పడవలసిన కేక మా మీద పడితే, స్టోరు మనుషులం అందరం ఒక్కసారి లేచి నిలబడ్డాం. రీస్టోరు అంటే 'రే, స్టోరు' అని నాకు అర్థమైంది ఆనాడే. మధ్యాహ్నం "మజ్జిగ!" అంటే మా వాళ్ళు తాగడం మొదలుపెట్టారు. బొరుగుల ఇంటి పద్ధతి, ఇంటి మనుషులెవరూ కదలకుండా, ఊరు దాటి వచ్చి ఒక పంపుల ఫ్యాక్టరీని నడిపిస్తోంది. నేను ఊరికే జేబు మోసేవాణ్ణి.

ఆర్నెల్లు నిండాయి. పొద్దున పిలుస్తామన్నవాళ్ళు భోజనాల వేళకు పిలిచారు. గదిలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దసారు, పక్కన కుర్చీలో గడియారం సారు, ఆయన ముందు నా కాగితం, చేతిలో మూత తీయని పెన్ను. లోపలికి వెళ్ళేముందు ఫోను మోత ఆపేశాను. అలారాలు మౌనవ్రతాలకు లొంగవని ఎవరూ చెప్పలేదు. పెద్దసారు కాగితం తిరగేసి, "మొదట్లో అన్నీ ఆలస్యాలే ఉన్నాయే?" అన్నాడు. గడియారం సారు మెడ రుద్దుకున్నాడు. "అవును సార్. రెండు నెలలుగా మారినాడు. ఎందుకు మారినాడో నాకు తెలీదు. తెలీకుండా మారినవాడు మళ్ళా తెలీకుండానే మారతాడేమో అని..." అని ఆగాడు. పెన్ను మూత అలాగే ఉంది. నా ముక్కుకు అప్పుడే మిరపకాయల ఘాటు తగిలింది. జవాబు చెప్పాలని నోరు తెరిచాను. నాకన్నా ముందు నా జేబు తెరిచింది.

"మాత్ర మింగితివా? నా మొహం చూసి చెప్పు! అబద్ధాలొద్దు!"

"లేదమ్మా" అన్నాడు గడియారం సారు.

ఆ వేళకు ఆయన రోజూ పై షెడ్డులో ఉంటాడు, ఈ కేక ఇంతవరకూ ఆయన చెవిన పడలేదు. చక్కెర జబ్బు ఆయనకూ ఉందని నాకూ తెలియదు. మాట జారిన సంగతి ఆయనకు తెలిసి, ముందు చెవులు, తరువాత మొహం ఎర్రబడ్డాయి. అయినా చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీశాడు, పెద్దసారు ముందున్న మంచినీళ్ళ గ్లాసు అడక్కుండానే అందుకున్నాడు, మింగాడు. అప్పుడు నావైపు తిరిగి, "ఎవురప్పా ఆయమ్మ?" అన్నాడు.

నిజం చెప్పక తప్పలేదు. ఉమ్మడి అకౌంటు, తాజా వంకాయ, గుమ్మడికాయ, అన్నీ చెప్పాను. నా రెండు నెలల బుద్ధి నాది కాదనీ, మా అత్త దగ్గర నుంచి పొరపాటున దిగిందనీ చెప్పాను. పెద్దసారుకు సగమే అర్థమై, ఆ సగానికే పగలబడి నవ్వాడు. గడియారం సారు నవ్వలేదు. "మా ఇంట్లో అట్లా అరిచేవాళ్ళు ఇప్పుడు లేరప్పా" అన్నాడు, గోడకు చెప్తున్నట్టు. పెన్ను మూత తీసి, చేవ్రాలు పెట్టి, కాగితం నావైపు తోశాడు. "ఆ బ్యాకప్పు మాత్రం పోగొట్టుకోవద్దు. ఇంకోటి... ఆ మాత్ర కేక ఉండాది చూడు, అదొక్కటి నా ఫోనుకు పంపియ్యి."

ఆదివారం కె.ఆర్.పురం వెళ్ళి అత్త ముందు ఫోను పెట్టి తప్పు ఒప్పుకున్నాను. తన అరుపులన్నీ ఒకదాని తరువాత ఒకటి విని, "ఇంత గొంతుండెనా నాకు!" అని కాసేపు ఆశ్చర్యపోయింది. తరువాత, "అంటే మీ ఫ్యాక్టరీ నేనే నడిపిస్తా ఉండానన్నమాట. అది సరే, మీ మామ వేళకు నువ్వు లేస్తే ఎట్లా రా అబ్బోడా? మీ గేటు ఎప్పుడు మూస్తారు? నువ్వు నిద్ర లేసినంక ఎంతసేపు గోడ చూస్తా కూర్చుంటావు?" అని ఆరా తీసి, వేణ్ణీళ్ళు తాగి, నా కొలతలకు సరిపడా కొత్త అరుపులు అరిచి పెట్టింది. అప్పటిదాకా మామవి అరువు తెచ్చుకొని వేసుకున్నాను, ఆనాటి నుంచి నాకు కుట్టించినవి. ఆ తరువాత ఫోన్లు మారాయి, గది ఇల్లయింది, పెళ్ళయింది. నన్ను లేపడం నా భార్య ఇంతవరకూ నేర్చుకోలేదు, ఆ అవసరం రాలేదు. ప్రతి కొత్త ఫోనులోనూ నీలిగీత నిండడం, గాల్లోంచి అత్త దిగడం. ప్రతిసారీ నేను పని మానుకొని చూస్తాను.

మొన్న అత్త ఫోను నీళ్ళ డ్రమ్ములో పడింది. కొత్తది తెచ్చారు, సెట్టింగులు దించడానికి నన్ను పిలిచారు. నేనిప్పుడు ఆరితేరినవాణ్ణి, అకౌంట్లు ఎప్పుడో వేరు కాపురం పెట్టాయి. గీత నిండేదాకా కూర్చొని ఆ ఇంటి కేకలన్నీ సరిచూశాను. మామకు కేకలున్నాయి, బండివాడికి ఉన్నాయి, పనమ్మాయికి ఉన్నాయి, పిల్లికి కూడా ఒకటుంది. ఆమెకంటూ ఎవరూ అరిచింది ఒక్కటీ లేదు. నన్ను ఇన్నేళ్ళు పరిగెత్తించిన మనిషి మీద పగ తీర్చుకోవడానికి ఇంతకన్నా సందు దొరకదనిపించింది. మేడమీదికి వెళ్ళి, చెంబుడు వేణ్ణీళ్ళు తాగి, గొంతు సవరించుకొని ఒక కేక పట్టించి, భోజనాల తరువాతి వేళకు పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చేశాను.

మర్నాడు మామ ఫోను చేశాడు. "ఏం చేసి పోతివి అల్లుడూ! మీ అత్త చేటలో బొరుగులు చెరుగుతా ఉంటే ఫోను నీ గొంతుతో అరిచె. 'అత్తా! చేతిలో ఉండేది కింద పెట్టు! కూర్చో! ఇల్లేమీ మునిగిపోదు!' అని. అదిరిపడి బొరుగులన్నీ వంపేసె. 'ఎవుడ్రా వాడు, నాకు చెప్పేంత మొనగాడు!' అని ఒకటే తిట్లు."

"తీసేసిందా మామా?"

"తీసేకి రాదా ఆమెకు? తీయలేదు. ఈ పొద్దూ అరిచె. ఇదో, ఇప్పుడు కూడా నిన్నే తిట్టిపోస్తా ఉండాది."

"నిలబడి తిడతా ఉండాదా, కూర్చొనా?"

మామ చూసిరావడానికి వెళ్ళినట్టున్నాడు. కాసేపటికి గొంతు బాగా తగ్గించి, ఆమెకు వినపడకుండా చెప్పాడు. "కూర్చొనే."